కార్డు మూలనున్న గుర్తు ఎవరి ఎంపిక?

1971లో అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్ర రాజధాని లిటిల్ రాక్‌లో వర్దెన్ అనే బ్యాంకు కోర్టుకెక్కింది. ఆ బ్యాంకు అప్పటికే బ్యాంక్‌అమెరికార్డ్ ఇస్తోంది. దానికి పోటీగా ఉన్న మాస్టర్ చార్జ్ కార్డు కూడా ఇద్దామనుకుంది. బ్యాంక్‌అమెరికార్డ్ నడిపే సంఘం ఒప్పుకోలేదు. ఒక బ్యాంకు రెండు సంఘాల్లో ఉండకూడదని నిబంధన పెట్టింది. ఏ కార్డు ఇవ్వాలో మా ఇష్టం, మీరెవరు ఆపడానికి అని వర్దెన్ నిలదీసింది.

ఆ బ్యాంక్‌అమెరికార్డే నేటి వీసా. మాస్టర్ చార్జ్ నేటి మాస్టర్‌కార్డ్. ఆ వ్యాజ్యంలో కార్డు వాడేవాడి ఊసే లేదు. బ్యాంకుకు ఎంచుకునే హక్కు ఉందా లేదా అన్నదే తగువు. వాడేవాడికి ఆ హక్కు ఉండాలన్న మాట మన దేశంలో నిబంధనగా మారడానికి 2024 దాకా పట్టింది. మన పర్సులో ఉన్న కార్డు మీద ఏ గుర్తు ఉండాలో ఇన్నేళ్లూ మనల్ని ఎవరూ ఎందుకు అడగలేదో తెలియాలంటే ఈ గుర్తులు పుట్టిన తీరు చూడాలి.

మొదట వచ్చింది డైనర్స్ క్లబ్. 1950లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ మెక్‌నమారా, రాల్ఫ్ ష్నైడర్ కలిసి పెట్టారు. హోటల్లో భోజనం చేసి పర్సు మరిచిపోయిన సంగతి గుర్తొచ్చి మెక్‌నమారాకు ఈ ఆలోచన తట్టిందని ఒక కథ ఉంది. అది ప్రచారం కోసం అల్లినదని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆ కార్డు అట్టముక్క. దాన్ని చూపించి చేరిన హోటళ్లలో తినొచ్చు, నెలాఖరున ఒకేసారి కట్టొచ్చు. 1958లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కూడా కార్డు తెచ్చింది. కార్డు ఇచ్చేదీ, దుకాణంతో ఒప్పందం చేసుకునేదీ, డబ్బు వసూలు చేసేదీ ఒకే కంపెనీ. అమెక్స్ ఈనాటికీ ఎక్కువగా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. దాని కార్డు కొన్నిచోట్ల చెల్లకపోవడానికి ఒక కారణం ఇక్కడే ఉంది. దుకాణాలను అది తానే చేర్చుకోవాలి, దుకాణం దగ్గర తీసుకునే కోత కూడా మిగతా వాటికన్నా ఎక్కువగా ఉంటూ వచ్చింది.

బ్యాంకుల దారి వేరు. 1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో సుమారు 60,000 మందికి కార్డులు పోస్టులో పంపింది. ఎవరూ దరఖాస్తు పెట్టలేదు, ఎవరినీ అడగలేదు. కవరు విప్పితే కార్డు, దానికో అప్పు పరిమితి. ఫ్రెస్నోనే ఎందుకంటే ఆ ఊళ్లో దాదాపు సగం కుటుంబాలకు ఆ బ్యాంకులోనే ఖాతాలున్నాయి. ఇంతమంది చేతుల్లో కార్డు ఉంటే దుకాణదారు కాదనలేడని లెక్క వేశారు. పథకం నడిపిన జోసెఫ్ విలియమ్స్ నూటికి నలుగురు బకాయి పడతారనుకున్నారు. రాష్ట్రమంతా కార్డులు పంచేసరికి ఆ సంఖ్య 22కి చేరింది. దొంగిలించిన కార్డులతో మోసాలు మొదలయ్యాయి. కోటి డాలర్లకు చేరువగా నష్టం వచ్చింది, విలియమ్స్ ఉద్యోగం వదిలి వెళ్లిపోయారు. అయినా బ్యాంకు వెనక్కి తగ్గలేదు. 1961 నాటికి కార్డు లాభాల్లోకి వచ్చింది. అడగనివారికి కార్డులు పంపకూడదని అమెరికాలో చట్టం వచ్చింది 1970లో, అంటే ఫ్రెస్నో జరిగిన పన్నెండేళ్లకు.

అసలు మలుపు ఆ తర్వాత ఉంది. ఆ రోజుల్లో అమెరికాలో ఒక రాష్ట్రపు బ్యాంకు ఇంకో రాష్ట్రంలో శాఖ తెరవడానికి వీల్లేదు. కాలిఫోర్నియా కార్డు న్యూయార్క్‌లో చెల్లాలంటే అక్కడి బ్యాంకులు ఒప్పుకోవాలి. అందుకని బ్యాంక్ ఆఫ్ అమెరికా 1966లో తన కార్డును ఇతర బ్యాంకులకు లైసెన్సుకు ఇచ్చింది. ఒక పోటీ బ్యాంకు పేరున్న కార్డును పంచడానికి ఇష్టపడని బ్యాంకులు అదే ఏడాది బఫలో నగరంలో కూర్చుని ఇంటర్‌బ్యాంక్ అనే సంఘం కట్టుకున్నాయి. మాస్టర్ చార్జ్ వాళ్ల కార్డే అయింది.

కార్డులు పెరిగినకొద్దీ లెక్కలు చిక్కుపడ్డాయి. కొన్న వస్తువు ధర ఎక్కువైతే దుకాణదారు తన బ్యాంకుకు ఫోన్ చేయాలి, ఆ బ్యాంకు కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫోన్ చేయాలి, అంతసేపూ కొనేవాడు కౌంటరు దగ్గర నిలబడాలి. కార్డును చిన్న యంత్రంలో పెట్టి పైనుంచి పట్టీ లాగితే ఉబ్బెత్తు అంకెలు కార్బన్ కాగితం మీద అచ్చుపడేవి. ఆ చీటీలు బ్యాంకుల్లో గుట్టలు పడి, ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో తేలేది కాదు. పోయిన కార్డుల నంబర్లు చిన్న పుస్తకంలో అచ్చువేసి దుకాణాలకు పంపేవారు. గుమాస్తా వేలు పెట్టి ఆ వరుసలు వెతకాలి.

1968లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో లైసెన్సు తీసుకున్న బ్యాంకులన్నీ సమావేశమై కాట్లాడుకుంటుంటే, సియాటిల్‌లోని ఒక బ్యాంకు నుంచి వచ్చిన డీ హాక్ అనే అధికారి లేచి, ముందు సమస్యలను పద్ధతిగా చూద్దామన్నారు. ఆ పని ఆయన మీదే పడింది. రెండేళ్లు తిరిగి బ్యాంక్ ఆఫ్ అమెరికాను ఒక అసాధ్యమైన పనికి ఒప్పించారు. తాను పుట్టించిన కార్డు మీద యాజమాన్యం వదులుకుని, సభ్య బ్యాంకులన్నీ కలిసి నడిపే సంస్థకు దాన్ని అప్పగించింది. 1970లో ఆ సంస్థ ఏర్పడింది. 1973లో కంప్యూటర్ ద్వారా అనుమతి ఇచ్చే ఏర్పాటు వచ్చాక కౌంటరు దగ్గర నిరీక్షణ తగ్గింది. ఇతర దేశాల బ్యాంకులు తమ కార్డు మీద అమెరికా పేరు వేసుకోవడానికి ఇష్టపడకపోవడంతో 1976లో పేరు వీసాగా మార్చారు. మాస్టర్ చార్జ్ 1979లో మాస్టర్‌కార్డ్ అయింది.

డీ హాక్‌ను నేను గౌరవిస్తాను. పోట్లాడుకునే బ్యాంకులను ఒక్క తాటి మీదికి తెచ్చిన ఘనత ఆయనది. కానీ ఆ సంఘంలో సభ్యుడు బ్యాంకు, ఓటు బ్యాంకుది, లాభం బ్యాంకుది. కార్డు వాడేవాడికి అందులో చోటు లేదు. ఇదే ఈ వ్యవస్థ పుట్టుక. వీసా, మాస్టర్‌కార్డ్ ఆపై కొన్ని దశాబ్దాలు బ్యాంకుల చుట్టూనే తిరిగాయి. మాస్టర్‌కార్డ్ 2006లో, వీసా 2008లో షేర్‌మార్కెట్‌కు వచ్చాయి. అప్పటికి అలవాటు పాతుకుపోయింది.

ఇక వర్దెన్ సంగతి. కింది కోర్టు బ్యాంకు వైపు నిలిచింది, 1973లో పైకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. తర్వాత డీ హాక్ సంస్థ తన నిషేధానికి అమెరికా న్యాయశాఖ ఆమోదం అడిగింది, 1975లో ఆ శాఖ నిరాకరించింది. దావాల భయంతో 1976లో నిషేధం ఎత్తేశారు. బ్యాంకులు రెండు కార్డులూ ఇవ్వడం మొదలుపెట్టాయి. ఇక్కడొక సంగతి గమనించాలి. పోటీ పెరుగుతుందనుకుంటే, ఒకే బ్యాంకులు రెండు సంఘాల్లోనూ కూర్చోవడంతో ఆ రెంటి మధ్య పోటీయే చల్లబడింది. పైగా రెండూ తమ సభ్యులు పోటీ కార్డులైన అమెక్స్, డిస్కవర్ ఇవ్వకుండా కొత్త గోడ కట్టాయి. 1998లో అమెరికా ప్రభుత్వం దావా వేసింది, 2001లో కోర్టు ఆ గోడ చట్టవిరుద్ధమంది, 2004లో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించడంతో గోడ కూలింది. ఆ తర్వాత అమెక్స్‌కు నష్టపరిహారంగా వీసా 225 కోట్ల డాలర్లు, మాస్టర్‌కార్డ్ 180 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. ఎంపికను అడ్డుకోవడం ఎంత విలువైన వ్యాపారమో ఈ అంకెలే చెబుతున్నాయి.

మన దగ్గర బ్యాంకు క్రెడిట్ కార్డు 1980ల మొదట్లో వచ్చింది. సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా 1980లో, ఆంధ్రా బ్యాంకు 1981లో కార్డులు తెచ్చాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో పెట్టిన బ్యాంకు, దేశంలో ఈ బాట తొక్కిన తొలి బ్యాంకుల్లో ఒకటి. తెలుగువాళ్లు ఈ మాట గర్వంగా చెప్పుకోవచ్చు. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, పేరు మాత్రం జ్ఞాపకాల్లో మిగిలింది.

తెలుగు నేలకు ఇంకో పెద్ద వాటా ఉంది, చాలామందికి తెలియదు. హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లో రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఉంది. ఒక బ్యాంకు కార్డుతో ఇంకో బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీసుకునేలా దేశంలోని బ్యాంకులను కలిపిన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను 2004లో అదే మొదలుపెట్టింది. 2009 డిసెంబరులో దాని బాధ్యత కొత్తగా వచ్చిన నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ (ఎన్‌పీసీఐ)కి వెళ్లింది. ఆ ఎన్‌పీసీఐయే 2012లో రూపే కార్డు తెచ్చింది. మన బ్యాంకు నుంచి మన ఊరి దుకాణానికి వెళ్లే డబ్బు లెక్క విదేశీ కంపెనీ మీదుగా ఎందుకు తిరగాలన్న ప్రశ్నకు జవాబు అది. 2014 మార్చిలో ఆంక్షల పేరుతో రష్యాలోని కొన్ని బ్యాంకుల కార్డులను వీసా, మాస్టర్‌కార్డ్ ఆపేశాయి. ఆ దెబ్బతో రష్యా తన సొంత మీర్ కార్డును తెచ్చుకుంది. 2022లో ఆ రెండు కంపెనీలూ రష్యా నుంచి తప్పుకున్నా, దేశం లోపల లావాదేవీలు సొంత ఏర్పాటు మీద నడిచాయి. సొంత దారి ఉండటం ఎంత అవసరమో దీన్ని మించిన రుజువు అక్కర్లేదు.

మన దగ్గరా ఒక కుదుపు వచ్చింది. భారతీయుల లావాదేవీల వివరాలు దేశంలోనే దాచాలని రిజర్వు బ్యాంకు 2018లో ఆదేశించింది. పాటించలేదని 2021లో అమెక్స్, డైనర్స్, ఆ తర్వాత మాస్టర్‌కార్డ్ కొత్త ఖాతాదారులను చేర్చుకోకుండా ఆపింది. పాత కార్డులు పనిచేశాయి. ఒక్క నెట్‌వర్క్ (వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు సంస్థ) మీదే ఆధారపడిన బ్యాంకుకు మాత్రం కొత్త కార్డులు ఇచ్చే దారి మూసుకుపోయి, హడావుడిగా ఇంకో కంపెనీతో ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాదికల్లా ఆంక్షలన్నీ ఎత్తేశారు.

ఇక 2024 మార్చి 6. బ్యాంకులకూ నెట్‌వర్క్‌లకూ మధ్య ఉన్న కొన్ని ఒప్పందాలు ఖాతాదారుకు ఎంపిక లేకుండా చేస్తున్నాయని రిజర్వు బ్యాంకు తేల్చింది. వేరే నెట్‌వర్క్ జోలికి పోకుండా కట్టిపడేసే ఒప్పందాలు బ్యాంకులు చేసుకోకూడదంది. కొత్త క్రెడిట్ కార్డు ఇచ్చేటప్పుడు ఒకటికి మించి నెట్‌వర్క్‌ల నుంచి ఎంచుకునే వీలు ఇవ్వాలంది. పాత కార్డులవారికి ఆ వీలు రెన్యువల్ సమయంలో వస్తుంది. ఈ నియమం 2024 సెప్టెంబరు 6 నుంచి అమల్లోకి వచ్చింది. వాడుకలో ఉన్న కార్డులు 10 లక్షలు మించని సంస్థలకు ఇది వర్తించదు. తన కార్డును తన నెట్‌వర్క్ మీదే ఇచ్చే అమెక్స్ లాంటి వాటికీ వర్తించదు.

మరి ఏది ఎంచుకోవాలి? నా మట్టుకు నేను మొదట ఒక అపోహ తీసేయమంటాను. రివార్డు పాయింట్లు, వడ్డీ, వార్షిక రుసుము, విదేశాల్లో వాడితే పడే అదనపు శాతం, వీటిలో చాలావరకు నిర్ణయించేది బ్యాంకు. గుర్తు మారితే అవి వాటంతటవి మారవు. గుర్తును బట్టి మారేది ప్రధానంగా కార్డు ఎక్కడ చెల్లుతుందన్నదే.

ఇక్కడ రూపేకు ఒక బలం ఉంది. 2022 సెప్టెంబరు నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకోవచ్చు. కూరగాయల దుకాణం, టీ బండి, మెడికల్ షాపు, ఇలా కార్డు యంత్రం లేని చోట గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి క్రెడిట్ మీద కట్టొచ్చు. స్నేహితుడికో బంధువుకో పంపడానికి మాత్రం అది పనికిరాదు, దుకాణాలకే. రోజువారీ ఖర్చంతా ఊళ్లోనే ఉండేవారికి ఇంతకన్నా ఉపయోగం ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

పిల్లల దగ్గరికి డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లే అమ్మానాన్నల సంగతి వేరు. రూపే అంతర్జాతీయ కార్డులు డిస్కవర్, డైనర్స్, జేసీబీ వంటి వాటితో ఉన్న ఒప్పందాల ద్వారా బయట చెల్లుతాయి. అమెరికాలో డిస్కవర్ విస్తృతంగా చెల్లుతుంది కాబట్టి అక్కడ పెద్ద ఇబ్బంది ఉండదు. యూరప్‌లోనూ, దారిలో దిగే దేశాల్లోనూ ఆ భరోసా తగ్గుతుంది. విమానం ఎక్కేవారి చేతిలో వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ ఉండటం మేలు. ఈ రెంటి మధ్య సామాన్యుడికి తేడా చాలా తక్కువ, దాని గురించి తల బద్దలు కొట్టుకోనవసరం లేదు.

అందుకే రెండు కార్డులు వాడేవారు రెంటినీ ఒకే గుర్తు మీద ఉంచుకోకపోవడం మంచిది. ఊళ్లో వాడకానికి ఒకటి రూపే, బయటికి ఒకటి వీసా లేదా మాస్టర్‌కార్డ్. 2021 లాంటి కుదుపు వచ్చినా, ఒక నెట్‌వర్క్ సాంకేతిక కారణాలతో కాసేపు మొరాయించినా పని ఆగదు.

మీ కార్డు గడువు నెల, సంవత్సరం దాని మీదే అచ్చువేసి ఉంటాయి. గడువు దగ్గరపడే ముందు బ్యాంకే అలవాటుగా పాత గుర్తుతో కొత్త కార్డు పంపవచ్చు. కాబట్టి రెండు మూడు నెలల ముందే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, రెన్యువల్‌లో ఏయే నెట్‌వర్క్‌లు ఇస్తున్నారో అడగండి, మీకు కావాల్సింది రాతపూర్వకంగా ఈమెయిల్‌లో చెప్పండి. జవాబు రాకపోతే బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయండి. అక్కడా 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసుకోవచ్చు, అందుకు రుసుము లేదు.