మట్టిబాటలకు పెట్రోలు పన్ను

1960ల చివరికి కాలిఫోర్నియా ఎడారుల్లోకి మోటారుసైకిళ్లు గుంపులు గుంపులుగా దిగాయి. 1967లో మొదలైన బార్‌స్టో–వేగాస్ పందేనికి వేలమంది ఎగబడటంతో, 1974 పోటీ తర్వాత కేంద్ర భూనిర్వహణ శాఖ దాన్ని ఆపేసింది. ఎడారిని వదలమని ఒక పక్షం, తిరగడం మా హక్కని మరో పక్షం.

ఈలోగా 1971లోనే శాసనసభలో ఒక రాజీ కుదిరింది. అదే చాపీ–జ్‌బర్గ్ చట్టం. దానికి తమ పేర్లిచ్చిన ఇద్దరిలో జీన్ చాపీ రిపబ్లికన్, ఇలాంటి బండ్లంటే సరదా ఉన్నవాడు. ఎడ్విన్ జ్‌బర్గ్ డెమొక్రాట్, ప్రకృతి పరిరక్షణ పక్షం. రోడ్డెక్కని బండి కూడా పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ రోడ్ల కోసం వేసిన పన్నే కడుతోంది కదా! ఆ వాటాను అంచనా వేసి, రిజిస్ట్రేషన్ రుసుములతో కలిపి, ఆ బండ్లు తిరిగే చోట్ల కోసం ప్రత్యేక నిధిలో వేశారు. అందుకే ఈ నిధి నుంచి ఇచ్చే గ్రాంట్లను సర్కారు దానాలనడం నాకు మింగుడుపడదు.

1975లో హోలిస్టర్ హిల్స్ రాష్ట్రపు మొదటి వాహన వినోద క్షేత్రమైంది. అయితే బండ్లు తిరిగే నేలలో చాలా భాగం కేంద్రానిది. దాంతో రాష్ట్ర గ్రాంట్లు కౌంటీలతోపాటు కేంద్ర అటవీ శాఖకూ చేరడం మొదలైంది; కేంద్రానికి రాష్ట్రం సొమ్మివ్వడం కొంచెం విడ్డూరమే. 1982లో ఒక కమిషన్ ఏర్పడి ఈ పంపకాల తగువంతా బహిరంగ సమావేశాలకెక్కింది.

అసలు మలుపు 2007 నాటి చట్టం. గ్రాంట్లలో సగం నిర్వహణకు, 25 శాతం దెబ్బతిన్న నేలను బాగుచేయడానికి, 20 శాతం చట్టం అమలుకు, 5 శాతం భద్రతా శిక్షణకు అని కట్టుదిట్టం చేసింది. బాట వేయడంతోపాటు బాట మూసి మొక్కలు నాటడానికీ బండి యజమానుల సొమ్మే ఖర్చవుతోంది. వాళ్లు గొణిగినా, ఆ పాతిక శాతమే పథకాన్ని బతికించిందని నా అభిప్రాయం. బడ్జెట్ కష్టాల్లో రాష్ట్రం ఈ నిధి నుంచి అప్పులు లాగినప్పుడు ఇరుపక్షాలకూ నష్టమే. గడువు తీరినప్పుడల్లా పొడిగిస్తూ వచ్చిన పథకాన్ని 2017లో శాశ్వతం చేశారు.

కేంద్రం 1991లో ఇదే దారి పట్టింది. దాని బాటల నిధిలో 30 శాతం మోటారు బండ్లకు, 30 శాతం నడక, సైకిళ్ల వంటివాటికి, 40 శాతం ఉమ్మడి బాటలకు. రెండు నిధులకూ ప్రధాన ఆధారం పెట్రోలు పన్నే. విద్యుత్ బండ్లు పెరిగేకొద్దీ ఆ రాబడికి వేరే లెక్క కట్టాలి.