కోర్టు దగ్గఱైనది, వాయిదా తగ్గెనా?

2016లో జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లా కేంద్రములైనవి; వానికి వేఱు జిల్లా న్యాయస్థానములు 2022 జూన్ 2న గాని కలుగలేదు. అంతవఱకు వరంగల్లు జిల్లా జడ్జి యధికారమే వానిపై సాగెను.

దూరము తగ్గినది, కాలమును తగ్గవలెను. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు, 2002 సవరణలతో, సామాన్య దావాలలో జవాబుదావాకు 30 దినములు, కారణము చూపినచో 90 వఱకు, గడువిచ్చినది. విచారణలో నొక్కొక్క పక్షమునకు మూఁడు వాయిదాలే యన్నది. తప్పనిసరియైనచోట సడలింపవచ్చునని 2005లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను.

ఆ సడలింపే వాడుకయైనచో నియమమేమి మిగులును? జడ్జి వివాదాంశములు నిర్ణయించి తేదీ వేయును. ఆ తేదీకి కాగితములు, సాక్షులు సిద్ధము చేయుట వకీలు పని. అది జరుగనినాఁడు, పొలము విడిచివచ్చిన కక్షిదారుఁడు కూలిని, బస్సు ఛార్జీని గోల్పోయి, మఱియొక తేదీతో నిల్లు చేరును. ఊరికి కోర్టు వచ్చిన చాలదు. వేళకు వకీలును రావలెను.