భాషా బోధనలో విదేశీ చలనచిత్రాలు

విదేశీ చలనచిత్రాలను పాఠ్య సామగ్రిగా వినియోగించి, పరభాషతో పాటు ఆ భాష మాట్లాడేవారి ఆచార వ్యవహారాలను కూడా పరిచయం చేయడం భాషా బోధనలో ఒక పద్ధతి. పదజాలము, వ్యాకరణము పుస్తకం నుండి నేర్వవచ్చును. కాని ఎవరిని ఎట్లు పలకరించాలి, ఎక్కడ మౌనం వహించాలి అన్నవి చూచి తెలుసుకోదగినవి.

'''సిద్ధాంతం'''

బ్రిటిష్ విద్యావేత్త మైకేల్ బైరమ్ 1997లో ప్రచురించిన గ్రంథంలో అంతర సాంస్కృతిక సంభాషణా సామర్థ్యాన్ని ఐదు అంశాలుగా వివరించాడు. అవి: వైఖరి, జ్ఞానం, అన్వయించి పోల్చే నేర్పు, కొత్త విషయాలను కనుగొని సంభాషించే నేర్పు, విమర్శనాత్మక సాంస్కృతిక అవగాహన.

'''తెలుగునాట నేపథ్యం'''

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో తెలుగుతో పాటు ఒడియా, సవర భాషలు వినబడతాయి. ఇక్కడ పరభాషను గౌరవించి నేర్చిన సంప్రదాయం చలనచిత్రాల కంటె పాతది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన గిడుగు రామమూర్తి (1863-1940) సవర భాష నేర్చి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించాడు. నందిగాం, టెక్కలి, పలాస, ఉద్దానం ప్రాంతాల నుండి అనేకులు బతుకుతెరువుకై ఇతర రాష్ట్రాలకు, విదేశాలకు వెళుతుంటారు. కనుక పరాయివారితో మెలగే నేర్పు ఇక్కడి విద్యార్థులకు నిత్యావసరం.

'''బోధనా విధానం'''

మజీద్ మజీదీ తీసిన పర్షియన్ చిత్రం "చిల్డ్రన్ ఆఫ్ హెవెన్" (1997) ఇందుకు తగిన ఉదాహరణ. ఒకే జత బూట్లను అన్నాచెల్లెళ్ళు పంచుకొనడం దీని కథ. ఒక సన్నివేశంలో తండ్రి మసీదుకు చెందిన చక్కెర గడ్డలను ఇంట్లో పగులగొడుతూ ఉంటాడు. ఎదుట అంత చక్కెర ఉన్నా, తన టీలోకి అందులో నుండి ముక్కైనా తీసుకోడు.

* మొదట ధ్వని లేకుండా చూపి, ఏమి జరుగుతున్నదో ఊహించమనాలి.
* పిదప ధ్వనితోను, ఉపశీర్షికలతోను చూపాలి.
* చివరకు గుడి సొమ్ము ముట్టరాదన్న మన నియమంతో పోల్చి చర్చించాలి.

పర్షియన్‌లో "తో", "షొమా" అన్న రెండు సంబోధనలు మన "నువ్వు", "మీరు" వంటివి. ఇంగ్లీషు ఉపశీర్షికలలో ఈ భేదం మాసిపోతుంది. తెలుగు విద్యార్థికి మాత్రం అది సులభంగా బోధపడుతుంది.

'''పరిమితులు'''

ఒక చిత్రం ఒక దేశమంతటికీ ప్రతినిధి కాదు. టెహరాన్‌లోని ఒక పేద కుటుంబాన్ని చూచి ఇరానీయులందరూ ఇంతేనని తీర్మానించరాదు. ఒక తెలుగు చిత్రం చూచి మన గురించి పరాయివారు అట్లే అనుకుంటే ఎట్లుండునో విద్యార్థుల చేత ఆలోచింపజేయడం ఈ పొరపాటుకు మంచి విరుగుడు.

'''చట్టం'''

భారత కాపీహక్కు చట్టం, 1957లోని 52వ సెక్షను ప్రకారం విద్యాసంస్థ కార్యక్రమాలలో భాగంగా చలనచిత్రం ప్రదర్శించవచ్చును. అయితే ప్రేక్షకులు సిబ్బంది, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సంస్థ కార్యక్రమాలతో సంబంధమున్నవారు మాత్రమే అయి ఉండాలి.