విరిగిన చోట పుట్టిన గాలపు కర్ర



విరిగిన కర్ర ఏమవుతుంది? మన ఇళ్ళల్లో అయితే పొయ్యి కిందికి పోతుంది. కానీ సుమారు ఎనభై ఏళ్ళ కిందట అమెరికాలో ఒక గాలపు కర్ర విరిగితే, దానికి అతుకు వేయబోయిన మనిషి చేతిలో కొత్త రకం కర్రే పుట్టింది. అదే గాజు నార కర్ర, అంటే ఫైబర్ గ్లాస్ ఫ్లై రాడ్. ఆ కర్ర ఎలా పుట్టింది, అది విరిగితే ఎలా బాగుచేస్తారు, ఆ పనికీ మన సముద్రపు ఒడ్డున జరిగే పనికీ ఉన్న పోలిక ఏమిటి అన్న విషయాలు ఈ ప్రసంగంలో చెప్పుకుందాం.

ముందుగా ఫ్లై రాడ్ అంటే ఏమిటో చూద్దాం. మన చెరువు గట్ల మీద పిల్లలు పట్టుకునే గాలం మనందరికీ తెలిసిందే. ముల్లుకు ఎర గుచ్చుతాం, బరువుకు సీసం కడతాం, ఆ బరువు దారాన్ని నీళ్ళలోకి లాక్కుపోతుంది. ఫ్లై రాడ్ పద్ధతి ఇలాంటిది కాదు. ఇందులో ఎర అంటే ఈకలు, వెంట్రుకలు, దారం కలిపి ముల్లుకు కట్టిన బొమ్మ ఈగ. దానికి బరువే ఉండదు. ఊదితే ఎగిరిపోయే వస్తువును అరవై అడుగుల దూరం విసరాలంటే ఎలా? అందుకని దారాన్నే కాస్త బరువుగా చేస్తారు. కర్రను వెనక్కీ ముందుకూ ఊపితే అది విల్లులా వంగి, తిరిగి సాగుతూ ఆ దారాన్ని ముందుకు తోస్తుంది. దారం వెంట ఈగ పోయి నీటి మీద వాలుతుంది. అంటే ఇక్కడ పనంతా కర్రదే. ఎనిమిది తొమ్మిది అడుగుల పొడవు ఉండాలి, కొస పెన్సిలు ములుకంత సన్నగా ఉండాలి, వేలసార్లు వంగినా నిటారుగా తిరిగి రావాలి. ఇంత సున్నితమైన వస్తువు కాబట్టే విరగడం కూడా మామూలే.

ఈ వేట మన దక్షిణాదికి ఇంగ్లీషువాళ్ళతో వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసిన హెచ్.ఎస్. థామస్ అనే సివిల్ సర్వీసు అధికారి 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం అచ్చు వేయించాడు. మన నదుల్లో మహసీర్ వంటి చేపల వేటకు అది చాలాకాలం మార్గదర్శిగా ఉండేది. తరవాత నీలగిరుల చల్లని ఏరుల్లో ట్రౌట్ చేపల్ని ప్రత్యేకంగా తెచ్చి వదిలారు.

ఆ రోజుల్లో మంచి కర్ర అంటే వెదురు కర్రే. అయితే గుండ్రటి బొంగును ఉన్నదున్నట్టు వాడేవారు కాదు. అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రం ఈస్టన్ పట్టణంలో శామ్యూల్ ఫిలిప్ అనే తుపాకుల మేస్త్రి 1840లలో వెదురును బద్దలుగా చీల్చి, వాటిని అతికించి కర్ర చేసే పని మొదలుపెట్టాడు. 1870ల నాటికి మెయిన్ రాష్ట్రంలో హైరమ్ లియోనార్డ్ ఆరు బద్దల కర్రకు పేరు తెచ్చాడు. ఆ తొలి రోజుల్లో వాళ్ళు వాడిన వెదురు ఎక్కడిదనుకుంటున్నారు? మనదే. కలకత్తా రేవు నుంచి ఓడ ఎక్కేది కాబట్టి దాన్ని కలకత్తా కేన్ అనేవారు. మన అడవుల్లో సాధన వెదురు అని పిలుస్తామే, ఆ జాతిదే. గోడ దళసరిగా, గట్టిగా ఉండే వెదురు అది.

తరవాత చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం నుంచి టాంకిన్ అనే వెదురు వచ్చింది. అది నిటారుగా పెరుగుతుంది, కణుపుల దగ్గర ఉబ్బు తక్కువ, పైపొరలో నార దట్టం. ఇరవయ్యో శతాబ్దం తొలి భాగంలో కలకత్తా వెదురును అది పక్కకు నెట్టేసింది. కర్రలు చేసే అమెరికా కంపెనీలు పూర్తిగా ఆ ఒక్క ప్రాంతపు వెదురు మీదే ఆధారపడిపోయాయి.

ఇక గాజు సంగతి. గాజు పెళుసు, కింద పడితే పగులుతుంది. కానీ అదే గాజును కరిగించి వెంట్రుక కన్నా సన్నగా లాగితే వంగుతుంది, లాగినా తెగకుండా ఎంతో బలంగా నిలుస్తుంది. 1932లో ఓవెన్స్-ఇల్లినాయ్ అనే అమెరికా గాజు కంపెనీలో డేల్ క్లైస్ట్ అనే యువకుడు వేరే ప్రయోగం చేస్తూంటే, కరిగిన గాజుకు గాలి దెబ్బ తగిలి సన్నని పోగులుగా చిమ్మింది. ఆ దారి పట్టుకుని గాజు నారను పెద్ద ఎత్తున తయారుచేయడం సాధించారు. 1938లో ఆ నార కోసమే ఓవెన్స్-కార్నింగ్ కంపెనీ ఏర్పడింది. అదే కాలంలో చల్లగా ఉన్నప్పుడు ద్రవంగా ఉండి తరవాత రాయిలా గట్టిపడే రెజిన్లు, అంటే కృత్రిమ జిగుళ్ళు, తయారయ్యాయి. గాజు నారను ఆ జిగురులో తడిపితే వచ్చే పదార్థం యుద్ధకాలంలో విమాన భాగాలకు పనికొచ్చింది.

ఒహాయో రాష్ట్రం టొలీడో నగరంలో ఇలాంటి రెజిన్లు చేసే ప్లాస్కాన్ సంస్థలో ఆర్థర్ హోవాల్డ్ అనే శాస్త్రజ్ఞుడు పనిచేసేవాడు. ఆయనకు చేపల వేట సరదా. 1944 ప్రాంతంలో మిషిగన్‌లో వేటకు వెళ్ళినప్పుడు ఆయన వెదురు రాడ్ కొస విరిగింది. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. చైనా వెదురు రావడం లేదు, కొత్త కొస దొరికే దారి లేదు. ఆయన తన చేతిలో ఉన్న సరుకు వైపు చూశాడు. తేలికైన బాల్సా కర్ర పుల్ల చుట్టూ గాజు నార పోగుల్ని నిలువునా పేర్చి, రెజిన్‌తో అతికించి కొస ఒకటి తయారుచేశాడు. అది పనిచేసింది. కొస ఒక్కటే ఎందుకు, కర్ర మొత్తం ఇలాగే చేయవచ్చు కదా అన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చింది. మిషిగన్‌లోనే ఉన్న షేక్‌స్పియర్ అనే గాలపు సామగ్రి కంపెనీ ఆ పద్ధతి తీసుకుని, 1947 నాటికి వండరాడ్ పేరుతో కర్రల్ని బజారులోకి తెచ్చింది. ఈ షేక్‌స్పియర్ నాటకాలు రాసిన కవి కాదు లెండి. అదే పేరున్న మరొక పెద్దమనిషి 1897లో పెట్టిన కంపెనీ అది.

ఆ తరవాత రాజకీయం కూడా గాజుకే కలిసివచ్చింది. కొరియా యుద్ధం కారణంగా 1950 చివర్లో అమెరికా చైనాతో వ్యాపారం మొత్తం ఆపేసింది. 1971 దాకా ఆ ఆంక్ష సడలలేదు. టాంకిన్ వెదురు నిల్వలు లేని కంపెనీలు చాలావరకు మూతపడ్డాయి, లేదా గాజుకు మారాయి. బాల్సా పుల్ల కూడా పోయి, లోపల బోలుగా ఉండే గొట్టపు కర్ర వచ్చింది. రెజిన్ పట్టించిన గాజు గుడ్డను కొలతకు కత్తిరించి, ఒక కొస లావుగా ఒక కొస సన్నగా ఉన్న ఉక్కు కడ్డీకి చాపలా చుడతారు. పైన పలచని సెల్లోఫేన్ పట్టీ బిగించి పొయ్యిలో కాలుస్తారు. ఆరాక కడ్డీని లాగేస్తే తేలికైన గొట్టం మిగులుతుంది. పనివాడు వెదురు బద్దల్ని రోజుల తరబడి చిత్రిక పట్టే చోట గంటల్లో కర్ర తయారైంది. ధర తగ్గింది. సామాన్యుడి చేతికి అందింది.

మరి ఈ గాజు కర్ర విరిగితే? అది విరిగేది చేప బలానికి కాదు, ఎక్కువగా కారు తలుపు సందులో పడి, లేదా ఎవరో తొక్కి. దాన్ని బాగుచేయడంలో ఒక సూత్రం ఉంది. మన కొబ్బరి పీచు తాడునే తీసుకోండి. ఒక్కో పీచు మూరెడు కూడా ఉండదు, తాడు మాత్రం వంద గజాలు ఉంటుంది. ఒక పీచు మరొక పీచు మీద కొంత దూరం కలిసి నడవడం వల్లనే ఆ బలం. గాజు కర్రలోనూ అంతే. తెగిన పోగుల్ని మొనకు మొన జిగురు పెట్టి అతికిస్తే అవి నిలవవు. వాటి పక్కనే కొత్త నార కొంత పొడవు కలిసి నడవాలి.

అందుకు చేసే పని ఇది. ముందు పగిలి పీచు లేచిన భాగాన్ని సన్నటి రంపంతో కోసేస్తారు. కర్ర ఒకటి రెండు అంగుళాలు పొట్టి అవుతుంది, తప్పదు. తరవాత పాత గాజు కర్ర ముక్కను లోకడ్డీగా ఎంచుకుంటారు. ఇనుప మేకు పెట్టకూడదు. అది వంగదు కాబట్టి దాని అంచు దగ్గరే కర్ర మళ్ళీ విరుగుతుంది. లోకడ్డీ రెండు చివర్లను ఉప్పు కాగితంతో రుద్ది పలచన చేస్తారు. కర్ర గొట్టం మొదట్లో వెడల్పు, కొసలో ఇరుకు కదా. అందుకని లోకడ్డీని కింది ముక్క మొదటి వైపు నుంచి దూర్చి, విరిగిన చోట బయటికి వచ్చేదాకా పైకి తోస్తారు. అప్పుడది దానంతటదే బిగుస్తుంది. అటు రెండు మూడు అంగుళాలు, ఇటు రెండు మూడు అంగుళాలు ఉండేలా చూసుకుంటారు. లోపల శుభ్రం చేసి, ఎపాక్సీ జిగురు పట్టించి, పై ముక్క ఎక్కిస్తారు. ఉంగరాలన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసి ఒక రోజంతా కదపకుండా ఉంచుతారు. ఈ ఎపాక్సీ జిగురు మనకూ తెలిసినదే. స్విట్జర్లాండుకు చెందిన సీబా కంపెనీ 1946లో అరాల్డైట్ పేరుతో తెచ్చింది. రెండు గొట్టాలుగా మన కొట్లలో దొరుకుతుంది.

చివరి పని పైన దారం కట్టడం. వంగినప్పుడు లోకడ్డీ ఒత్తిడికి గొట్టం నిలువునా చీలాలని చూస్తుంది. సన్నటి దారం పక్కపక్కనే బిగుతుగా చుట్టి జిగురు పూస్తే ఆ చీలిక ఆగుతుంది. ఒక జాగ్రత్త మాత్రం మరవకూడదు. గాజు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిపి రుద్దాలి, సన్నని దుమ్మును ఆపే మాస్కు పెట్టుకోవాలి.

దీన్ని చూస్తే పుత్తూరు కట్టు గుర్తుకు రావచ్చు. కాని ఒక తేడా ఉంది. ఎముక తనంతట తాను అతుక్కుంటుంది, కొన్ని వారాలకు కట్టు విప్పేస్తాం. గాజు ఎన్నటికీ అతుక్కోదు. అందుకని ఈ కట్టు కర్ర ఉన్నన్నాళ్ళూ ఉండాల్సిందే.

ఈ అతుకు పద్ధతే కంపెనీలకూ దారి చూపింది. రాడ్‌ను మోసుకుపోవడానికి రెండు మూడు ముక్కలుగా చేస్తారు. ఆ ముక్కలు కలిసే చోట చాలాకాలం లోహపు పొన్నులు ఉండేవి. అవి బరువు, అక్కడ కర్ర వంగదు. అమెరికాలో ఫెన్విక్ కంపెనీకి చెందిన జిమ్ గ్రీన్ 1960లలో గాజులోనే గాజు దూరే కీలు తెచ్చాడు. కర్ర మొదలు నుంచి కొస దాకా ఒకే వంపు వచ్చింది. 1973లో అదే కంపెనీ బొగ్గు నారతో, అంటే గ్రాఫైట్‌తో, కర్ర తెచ్చింది. అది ఇంకా తేలిక. క్రమంగా గాజు కర్రలు వెనకబడ్డాయి. అయినా నిదానంగా వంగే ఆ పాత కర్ర మీద మనసున్నవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తండ్రి వాడిన కర్రను కొడుకు అతికించుకుని వాడుకుంటాడు.

ఈ కథ మనకు దూరమనిపిస్తే ఒక్కసారి సముద్రం వైపు చూడండి. పూరీలో, గంజాం తీరంలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు మత్స్యకారుల్ని ఒడిశావాళ్ళు నోలియాలంటారు. వాళ్ళ తాతలు దుంగలు కట్టిన తెప్ప మీద వేటకు పోయేవారు. 1980ల తరవాత మన తూర్పు తీరమంతటా క్రమంగా ఫైబర్ పడవలు వచ్చాయి. పడవకు పగులు వస్తే ఏం చేస్తారు? పగులు చుట్టూ ఏటవాలుగా అరగదీసి, గాజు గుడ్డ ముక్క మీద దానికంటే పెద్ద ముక్క వేస్తూ, రెజిన్ పూసి ఆరబెడతారు. కర్రకు పనిచేసిన సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. తెగిన నార పక్కన కొత్త నార కొంత దూరం కలిసి నడవాలి. వేటగాడికి కర్ర విరిగితే సరదా పోతుంది. నడిసముద్రంలో పడవ పగులు విప్పుకుంటే ప్రాణం పోతుంది. అతుకు వేయడానికి ముందు అరగదీసే ఆ ఏటవాలును తొందరపడి తగ్గించకూడదని ఒడ్డున పనివాళ్ళు అందుకే పట్టుబడతారు.

వస్తువు చెడితే పారేసి కొత్తది కొనడం ఇవాళ సులువైంది. కాని హోవాల్డ్‌కు ఆ రోజు కొత్త కొస కొనుక్కునే వీలుంటే, విరిగిన చోట ఏముంటే సరిపోతుందో ఆలోచించే అవసరం ఆయనకు వచ్చేది కాదు. మన ఊళ్ళల్లో పడవకు గుడ్డ వేసేవాళ్ళు, నాగలికి కర్రు సరిచేసేవాళ్ళు, కుర్చీకి నవారు అల్లేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ పక్కన కాసేపు కూర్చుని, వస్తువు ఎక్కడ విరిగింది, ఎందుకు విరిగింది అని పిల్లల చేత అడిగించండి. వాళ్ళు చెప్పే జవాబులు వినదగినవి.