ఊపిరిత్రోవను మందు

పల్నాడనగానే కారెంపూడి రణరంగమును, దానికి ముందు జరిగిన కోడిపందెమును మనకు జ్ఞప్తికి వచ్చును. మనుష్యుల పంతమునకు మూగజీవులు ప్రాణము లొడ్డిన కథ యది. నే నీ దినమున చెప్పబోవు వైద్యచరిత్రమునందును మూగజీవులే ముందు నిలిచినవి. వానికి మన మెంత ఋణపడితిమో తెలుపుటయే నా యుద్దేశము.

ఊపిరితోడనే మందును లోనికి పంపు నుపాయము మన దేశమునకు క్రొత్తది కాదు. ఔషధములతో చేసిన వర్తిని వెలిగించి పొగ పీల్చు విధి చరకసంహితయందు కలదు. ఉబ్బసమునకు ఉమ్మెత్త పొగ పీల్చు వాడుకను చెన్నపట్టణమున ముఖ్యవైద్యుడుగా నుండిన ఆండర్సను మెచ్చుకొనగా, జనరల్ జెంటు 1802లో దానిని బ్రిటనునకు గొనిపోయెను. పల్నాడు ఈస్టిండియా కంపెనీ పాలనలోనికి వచ్చినది అంతకు ముందటి యేడే. రోగమున్న తావునకే మందు చేరినచో కొలది మోతాదే చాలునను సూత్రము ఆ పొగలో దాగియున్నది.

క్యాన్సరునకు మందులు వెదకినవారిలో మన తెలుగువారు, 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు అగ్రగణ్యులు. అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున వారి నాయకత్వమున సిద్ధమైన అమినోప్టెరినును బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరుగల 16 మంది పిల్లలకు ఒసగెను. పదిమందికి కొంతకాలము రోగ ముపశమించినదని 1948లో ప్రకటించెను. ఆ యేడే సుబ్బారావుగారు దివంగతులైరి. ఆ కుదురునకే చెందిన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది.

అయితే ఇట్టి మందులు విషప్రాయములు. రోగము రక్తమంతట నున్నపుడు నరముద్వారా మందిచ్చుట సమంజసమే. గడ్డలు ఊపిరితిత్తులలో నున్నపుడో, అచ్చటికి కొలది మందు చేరుటకై దేహమంతయు ఆ విషమును భరింపవలసి వచ్చును. డాక్సోరూబిసిను గుండెను, సిస్‌ప్లాటిను మూత్రపిండములను చెరుపగలవు. కనుకనే మందును సన్నని తుంపరగా జేసి పీల్పించు ప్రయత్నములు సాగినవి. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. తుంపర కణము ఒకటి మొదలు ఐదు మైక్రానుల లోపల నుండవలెను. పెద్దదైనచో గొంతుననే నిలిచిపోవును. మరీ చిన్నదైనచో నిశ్వాసముతో వెలికి వచ్చును.

దీనిని పరీక్షించుటకు కుక్క తగినదని పశువైద్యులు తలచిరి. పెద్దజాతి కుక్కలకు కాలియెముకలో సహజముగానే క్యాన్సరు పుట్టుట కలదు. కాలు తీసివేసినను అది తరచుగా ఊపిరితిత్తులకు ప్రాకును. మన పిల్లలకును యువకులకును వచ్చు ఎముక క్యాన్సరు నడకయు ఇట్టిదే. 1999లో అమెరికాలోని విస్కాన్సిను విశ్వవిద్యాలయము వారు, రోగము సహజముగా కలిగిన కుక్కలకే డాక్సోరూబిసినును, పాక్లిటాక్సెలును పీల్పించి ఫలితములను ప్రకటించిరి. కొన్నిటిలో గడ్డలు తగ్గెను. తక్కిన దేహమునకు హాని స్వల్పమే. కాని డాక్సోరూబిసిను కొన్నిటి ఊపిరితిత్తులకే బాధ కలిగించెను. 2007 నాటికి మనుష్యులయందును తొలి పరీక్షలు వెలువడినవి. నేటికిని ఇది సాధారణ చికిత్స కాలేదు. గడ్డను చంపి, ఊపిరితిత్తిని కాపాడు మోతాదును కనుగొనుటయే చిక్కు.

పిడుగురాళ్ల సున్నపు బట్టీల ధూళిని, చుట్టపొగను ఎఱిగిన సీమకు ఊపిరి విలువ వేరుగ చెప్పనక్కరలేదు. ఆ ఊపిరిని నిలుపుటకు వేరొక ప్రాణి ఊపిరిని వాడుకొనుట న్యాయమా? మన దేశమున 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ఇట్టి ప్రయోగములకు హద్దు లేర్పరచినది. చట్ట మొక్కటియే చాలదని నా యభిప్రాయము. పందెపుకోడికి గెలిచినను ఓడినను ఒరుగునది లేదు. రోగియైన కుక్కకు ఆ మందు తనకును మేలు చేయవచ్చును. ప్రయోగశాలలోని ఎలుకకు ఆ భాగ్యమును లేదు. అనవసరముగా ఒక్క ప్రాణినైనను వాడకుండుట, వాడినదానికి నొప్పి తగ్గించుట, దానివలన తెలిసినదానిని మనుష్యవైద్యమునకే గాక పశువైద్యమునకును అందించుట, ఈ మూడును మనము తీర్పవలసిన ఋణములు.