పెరటిలో పురుగుకూ వాటా: రాయ్‌పూర్ నేలకు తగిన తోట

ఛత్తీస్‌గఢ్‌కు ‘ధాన్ కా కటోరా’ అని పేరు. వడ్ల గిన్నె అని అర్థం. వానకాలంలో రాజధాని రాయ్‌పూర్ దాటి ఏ దిక్కుకు వెళ్లినా వరి చేలే కనిపిస్తాయి. అయితే వరి ప్రధానంగా స్వపరాగ సంపర్కంతో గింజ కట్టే పంట. దాని పూతలో మకరందం ఉండదు. మన కంటికి పచ్చగా కనిపించే ఆ మైదానంలో తేనెటీగకు, సీతాకోకచిలుకకు దొరికే తిండి స్వల్పం. పొలం గట్ల మీద రైతులు వేసే కంది, ఊరి చెట్లు, ఇళ్ల పెరళ్లే వాటికి ఆధారం. నగరం విస్తరిస్తున్న కొద్దీ ఆ పెరళ్లు సిమెంటు గచ్చులుగా, కత్తిరించిన పచ్చికలుగా మారుతున్నాయి. కీటకాలకు నెలవయ్యే తోటను ఎలా రూపొందించుకోవాలన్న ప్రశ్నకు ఇక్కడ ప్రాధాన్యం కలగడానికి కారణమిదే.

పిందె నిలవాలంటే

జీవవైవిధ్యంపై ఏర్పడిన అంతర్ ప్రభుత్వ వేదిక ఐపీబీఈఎస్ 2016లో వెలువరించిన నివేదిక ప్రకారం, ప్రపంచంలోని ప్రధాన ఆహార పంటల్లో 75 శాతానికి పైగా ఎంతో కొంత మేరకు కీటకాలు, ఇతర ప్రాణులు జరిపే పరాగ సంపర్కంపై ఆధారపడి ఉన్నాయి. దీనికి నిదర్శనం మన పెరటిలోనే ఉంది. సొర, బీర, గుమ్మడి పాదులకు మగపూలు, ఆడపూలు వేర్వేరు. పుప్పొడి మోసే కీటకం రాకుంటే పిందె పసుపుబారి రాలిపోతుంది. పాదుకు తెగులు సోకిందనుకొని మందు చల్లితే, రావలసిన కీటకం మరింత దూరమవుతుంది.

పూవును బట్టి అతిథి మారుతుంది. సాయంత్రం విచ్చుకునే సొరపూలకు రాత్రి సంచరించే చిమ్మటలు వస్తాయి. వంగ, టమాటా పూలలో పుప్పొడి సన్నని రంధ్రమున్న కేసరాల లోపల ఉంటుంది. పొట్టపై నీలి పట్టీలుండే ఒంటరి తేనెటీగ, కర్రను తొలిచే నల్లని పెద్ద తుమ్మెద ఆ పూవును పట్టుకొని ఒంటిని కంపింపజేసి పుప్పొడిని రాలుస్తాయి. తేనెపట్టు పెట్టే ఈగలకు ఈ నేర్పు లేదు. అందువల్ల ఒక్క జాతిని ఆకర్షిస్తే చాలదు, పలు జాతులకు చోటుండాలి.

ముందు ఆకు, తరువాత పూవు

సీతాకోకచిలుకల కోసం రంగురంగుల పూలమొక్కలు కొని తెచ్చేవారు అనేకులు. పూవు పెద్ద పురుగుకు మాత్రమే తిండి. గుడ్డు నుంచి వెలువడిన గొంగళికి కావలసింది ఆకు, అదీ తన జాతికి నప్పే ఆకు. కరివేపాకు, నిమ్మ, మారేడు మొక్కలపై నిమ్మజాతి సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. తొలి దశలో పిట్టరెట్టలా కనిపించే వాటి గొంగళి తరువాత ఆకుపచ్చగా మారుతుంది. దానిని నలిపివేయకుండా కొన్ని రెమ్మలు వదిలిపెడితే దాదాపు నెల రోజుల్లో సీతాకోకచిలుక ఎగురుతుంది. జిల్లేడుపై నారింజ రంగు రెక్కల జాతి, రేల, తంగేడు చెట్లపై లేత పసుపు రెక్కల జాతి పెరుగుతాయి. కొరికిన ఆకు కనిపించని తోటలో సీతాకోకచిలుక పుట్టదు. ఇల్లు అపార్టుమెంటయినా కుండీలో ఒక కరివేపాకు, ఒక నిమ్మ, ఒక తులసి ఉంచుకోవచ్చు.

కార్తెలకు తగిన పూత

రాయ్‌పూర్ వేసవి తీవ్రమైనది. మే నెలాఖరులో స్థానికులు ‘నౌతపా’గా లెక్కించే తొమ్మిది రోజులు మన రోహిణి కార్తె ఆరంభ దినాలే. అప్పుడు చిన్న మొక్కలు వాడిపోతాయి, చెట్లే కీటకాలను ఆదుకుంటాయి. మోదుగ, వేప, కానుగ, రేల ఒకదాని వెంట ఒకటిగా వసంతం నుంచి వేసవి దాకా పూస్తాయి. వానకాలంలో పాదులు, గడ్డి చామంతి, వర్షాలు తగ్గుముఖం పట్టాక వలిసెలు పూతకు వస్తాయి. చలికాలంలో కంది, ఆవ, కొత్తిమీర, ఆ తరువాత మునగ వంతు. మునగను ఇక్కడివారు కూడా ‘మునగా’ అనే పిలుస్తారు. ఏ నెలా పూత లేకుండా గడవకూడదన్నదే ప్రణాళికలో ముఖ్య సూత్రం. లాంటానా పూలకు సీతాకోకచిలుకలు వస్తాయన్నది నిజమే కానీ, అది అడవులను ఆక్రమిస్తున్న పరదేశి మొక్క. దానిని నాటకపోవడమే మేలు.

మట్టి, చెత్త, నీరు

ఈ ప్రాంతపు రైతులు నేలలను భాటా, మటాసీ, డోర్సా, కన్హార్ అని నాలుగు పేర్లతో గుర్తిస్తారు. మొదటిది ఎర్రని మొరం, చివరిది నల్లరేగడి. ఏ నేలయినా కొంత భాగాన్ని గచ్చు చేయకుండా, తవ్వకుండా వదిలివేయాలి. ఒంటరి తేనెటీగల్లో అనేక జాతులు మట్టిలోనే గూడు కడతాయి. ఎండిన వెదురు, మోడువారిన కొమ్మ నల్ల తుమ్మెదలకు నివాసం. రాలిన ఆకులను కాల్చకుండా చెట్టు మొదట్లో పోస్తే నేలకు తేమ, పురుగులకు ఆశ్రయం లభిస్తాయి.

నీటి విషయంలో జాగ్రత్త అవసరం. వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు వేసి నీరు పోస్తే తేనెటీగలు మునగకుండా తాగుతాయి. డెంగీ వ్యాపింపజేసే దోమ నిలవనీటిలోనే పెరుగుతుంది కనుక పళ్లెంలోని నీటిని రెండు మూడు రోజులకొకసారి పారబోసి, తోమి, తిరిగి నింపాలి. దోమలను తినే తూనీగలకు మాత్రం పళ్లెం చాలదు. వాటి పిల్లలు నీటిలోనే ఉండి దోమపిల్లలను వేటాడతాయి. నగరంలోని బూఢా తాలాబ్, తెలీబాంధా వంటి చెరువుల అంచున సహజమైన మొక్కలు మిగలడం అందుకే అవసరం.

మందు చివరి మార్గం

పేనుబంక కనిపించిన వెంటనే మందు కొట్టకుండా కొన్ని రోజులు గమనించాలి. దానిని తినే అక్షింతల పురుగులు వెనుకనే వస్తాయి. తప్పనిసరైతే నీటి ధారతో కడగడం, చేతితో ఏరివేయడం ముందు చేయాలి. వేపనూనె వాడవలసి వచ్చినా పూలపై పడకుండా, తేనెటీగలు తిరగని సాయంత్రం వేళ పిచికారీ చేయాలి.

పురుగు విలువ ఈ రాష్ట్రానికి కొత్త కాదు. కుసుమ, మోదుగ చెట్లపై లక్క, మద్ది చెట్లపై కోసా పట్టు ఇక్కడి అడవి పల్లెలకు తరతరాల జీవనాధారం. చెట్టు ఆకును పురుగుకు వదిలి పట్టును పొందిన ఆ ఒడంబడికనే నగరపు పెరటిలోనూ పాటించవచ్చు. మృగశిర కార్తెలో తొలి వానలు పడ్డాక నాటిన మొక్క సులభంగా బతుకుతుంది. అప్పటికి ఒక మూల గచ్చు తీసి మట్టిని సిద్ధం చేసుకుంటే ఆరంభానికి అది చాలు.