ఘాజీ మునిగిన తీరంలో...

1971 డిసెంబరు 3 రాత్రి. అర్ధరాత్రి దాటింది. భారత్-పాక్ యుద్ధం మొదలైన రాత్రి కావడంతో విశాఖ చీకట్లో ఉంది. రేవు కాలువ దాటి మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ సముద్రంలోకి వచ్చింది. ఎదురుగా నీళ్లలో ఏదో అలికిడి! లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ ఆజ్ఞతో రెండు డెప్త్ చార్జ్‌లు నీళ్లలో పడ్డాయి. కొద్దిసేపటికే పెద్ద పేలుడు. ఊళ్లో కిటికీ అద్దాలు అదిరాయి. తర్వాత జాలర్లకు నీటిపై తేలుతూ శకలాలు దొరికాయి. మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వేటకు వచ్చిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ 93 మందితో మునిగిపోయింది. రాజ్‌పుత్ ముంచిందని మనవాళ్లు, ప్రమాదవశాత్తూ జరిగిన పేలుడేనని పాకిస్థాన్ వాళ్లు ఇప్పటికీ చెబుతున్నారు.

ఆ యుద్ధానికి గుర్తుగా 1996లో బీచ్ రోడ్డులో ‘విక్టరీ ఎట్ సీ’ వెలిసింది. ఏటా డిసెంబరు 4న నౌకాదళం ఇక్కడ పుష్పగుచ్ఛాలుంచుతుంది. తలెత్తి చూసేలా కట్టిన స్మారకమిది. దాని ముందు నిలబడ్డ మనిషి భుజాలు వాటంతటవే నిటారవుతాయి. ఆ గర్వం న్యాయమైనదే.

అదే తీరంలో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామిలో మాత్రం మరో అనుభవం. అది కూడా 1971 యుద్ధంలో పనిచేసిందే. 91 మీటర్ల పొడవున్నా లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదిగి దారివ్వాలి. ఒక గది నుంచి మరో గదికి వెళ్లాలంటే గుండ్రటి తలుపులో నడుం వంచి, కాలు మడిచి దూరాలి. టార్పెడోల పక్కనే పడకలు. కేరింతలతో లోపలికి వచ్చిన పిల్లలు అక్కడికొచ్చేసరికి, ‘‘ఇక్కడెలా పడుకునేవారు?’’ అని అడుగుతారు. గైడ్లుగా ఉన్న విశ్రాంత నావికులు ఓపిగ్గా చెబుతారు. ఇక్కడ శిల్పి లేడు. యుద్ధం కోసం కట్టిన గదులే స్మారకమయ్యాయి.

వాషింగ్టన్‌లో మాయా లిన్ రూపకల్పన చేసిన వియత్నాం యుద్ధ స్మారకం (1982) కూడా మనిషిని ఇలాగే దగ్గరికి లాక్కుంటుంది. నల్లటి గ్రానైట్ మీద 58 వేలకు పైగా సైనికుల పేర్లు, వాటి మధ్య చూసేవారి ముఖ ప్రతిబింబం. జనం ఆ పేర్లను వేళ్లతో తడుముతారు.

కురుసురలో ఒంగి నడుస్తుంటే నాకు ఘాజీలోని వాళ్లు గుర్తొస్తారు. వాళ్లూ ఇలాంటి ఇరుకులోనే బతికారు, అందులోనే పోయారు. 2024లో మన నౌకాదళం ఘాజీ శకలాలను గుర్తించి, మృతుల మీద గౌరవంతో ముట్టుకోకుండా వదిలేసిందని పత్రికల్లో వచ్చింది. మన నావికులు చూపిన ఆ గౌరవాన్ని కురుసుర చివరి గదిలో గైడ్లు ప్రతి పిల్లవాడికీ చెప్పాలని నా కోరిక.